బాలానగర్ చిన్న బడులు ఎవరితో ఆడాలి?

హైదరాబాద్‌లోని బాలానగర్ చౌరస్తా నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా కాసేపట్లో ఒక పేరున్న మైదానం ఎదురవుతుంది. బేగంపేట వైపు వెళ్తే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. గచ్చిబౌలి వైపు వెళ్తే జవహర్ నవోదయ విద్యాలయం, అదే గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన బాలయోగి స్టేడియం. హకీంపేట వైపు వెళ్తే 1993లో మొదలైన ప్రభుత్వ క్రీడా పాఠశాల. ఈ మూడింటి నడుమ, లేత్ మిషన్ల చప్పుడు వినిపించే వీధుల్లో, రెండు మూడు అంతస్తుల అద్దె భవనాల్లో చిన్న బడులు నడుస్తున్నాయి. వాటికి ప్రార్థనకు నిలబడే చోటే ఆటస్థలం.

ఈ నాలుగు రకాల బడుల పిల్లలూ ఒకే నగరంలో పెరుగుతున్నారు. వాళ్ల ఆటల లోకాలు మాత్రం వేరు. ఎందుకంటే ఒక బడి ఏ ఆటల కూటమిలో సభ్యత్వం పొందింది, ఏడాదికి ఎన్ని బడులతో తలపడుతుంది, ఆ బడులు తనకు సరిజోడేనా అన్నవే అక్కడి పిల్లవాడు ఆటగాడవుతాడా, గ్యాలరీలో కూర్చుంటాడా అన్నది తేలుస్తాయి. తెలుగు నేల మీద ఈ కూటముల చరిత్ర వందేళ్లకు దగ్గరపడుతోంది. అందులో చిన్న బడికి చోటు దొరికిన సందర్భాలూ ఉన్నాయి, అసలు గుర్తుకే రాని సందర్భాలూ ఉన్నాయి.

జాగీర్దార్ల కాలేజీ, బడిపంతులు రహీం

బేగంపేటలో 1923లో జాగీర్దార్ కాలేజీ మొదలైంది. నిజాం రాజ్యంలోని జాగీర్దార్ల కొడుకుల కోసం, ఇంగ్లండ్ పబ్లిక్ స్కూళ్ల నమూనాలో పెట్టిన బడి అది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. 1951లో ఆ కాలేజీయే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారి అందరికీ తలుపులు తెరిచింది. ఆ తలుపు కూడా ఎక్కువగా ఫీజు కట్టగలిగిన వాళ్లకే.

ఇలాంటి బడుల కోసం 1939లోనే ఇండియన్ పబ్లిక్ స్కూల్స్ కాన్ఫరెన్స్ ఏర్పడింది. డూన్ స్కూల్, మేయో కాలేజీ వంటివి అందులో సభ్యులు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కూడా ఆ వరసలో చేరింది. క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, అథ్లెటిక్స్ వంటి వాటిలో సభ్య బడుల మధ్య ఏటా పోటీలు జరుగుతాయి. ఒక్కో పోటీకి ఒక్కో బడి ఆతిథ్యమిస్తుంది. బయటి ఊరి జట్టు వచ్చి ఆ బడి ప్రాంగణంలోనే బస చేస్తుంది, అక్కడి మెస్సులోనే తింటుంది. సభ్యుల సంఖ్య తక్కువైనా అందరి స్తోమతా ఇంచుమించు సమానం. కోచ్ లేని బడి, మైదానం లేని బడి అందులో ఉండదు. ఓడిన జట్టు కూడా నాలుగు మ్యాచ్‌లు ఆడి, నాలుగు విషయాలు నేర్చుకుని ఇంటికి వెళ్తుంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఈ బడి క్రికెట్ జట్టులో ఆడినవాడే. జట్టును నడపడమంటే ఏమిటో ఆ మైదానంలోనే నేర్చుకున్నానని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు.

అదే కాలంలో నగరంలో ఇంకో పాయ కూడా పారింది. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి రీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకూ, భారత ఫుట్‌బాల్ జట్టుకూ శిక్షకుడయ్యారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన చలవే. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలి, బలహీనమైన కాలితోనే తన్నాలి వంటి షరతులతో ఆయన కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారు. పెద్ద సరంజామా అక్కర్లేని పోటీలవి. బంతి, కాస్త జాగా, నియమం తెలిసిన పంతులు ఉంటే చాలు. చిన్న బడికి కావలసిన పోటీ ఎలా ఉండాలో హైదరాబాద్‌లో ఒక బడిపంతులు అప్పుడే ఆలోచించాడు.

1954: అందరికీ ఒకటే నిచ్చెన

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటినీ ఒకే ఆటల గొడుగు కిందికి తేవాలన్న ఆలోచనతో 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. వ్యాయామ ఉపాధ్యాయుల (పీఈటీల) నోట అది ‘ఎస్‌జీఎఫ్’. అందులో బడులకు నేరుగా సభ్యత్వం ఉండదు. రాష్ట్రాల విద్యాశాఖలు, కేంద్రీయ విద్యాలయ సంఘటన్, నవోదయ విద్యాలయ సమితి వంటి సంస్థలే సభ్యులు. పిల్లలను 14, 17, 19 ఏళ్ల లోపు అని మూడు వర్గాలు చేస్తారు. బడి జట్టు మండలంలో గెలవాలి. మండల ఆటగాళ్లు జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జాతీయ పోటీలకు ఎంపిక కావాలి. ఎంట్రీ ఫారం మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం, పుట్టిన తేదీ రుజువు, ఫొటో తప్పనిసరి. ఆ చివర దొరికే ధ్రువపత్రం తర్వాత కాలేజీ సీటుకు, ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. పేదింటి పిల్లవాడికి ఆ కాగితం విలువ అంతా ఇంతా కాదు.

ఈ నిచ్చెన మెట్లు మాత్రం స్థిరంగా ఉండలేదు. 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా వేరుపడింది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు తెచ్చింది. పోటీ ఊరికి దగ్గరగా వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయి తెలంగాణ జట్టు వేరయింది. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. బాలానగర్ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. కూకట్‌పల్లి దాని నుంచి విడిపోయి వేరే మండలమైంది. పాలనా సౌలభ్యం కోసం గీసిన గీతలివి. వాటితో పాటే నిన్నటిదాకా ఎదురెదురుగా ఆడిన పక్క వీధి బడులు వేరే మండలాల జట్లయ్యాయి, ముక్కూ మొహం తెలియని బడులు ప్రత్యర్థులయ్యాయి. అమెరికాలో చాలాచోట్ల బడుల కూటమిలోకి ఎవరు రావాలో, ఎవరు బయటికి పోవాలో ఆ బడులే కూర్చుని తేల్చుకుంటాయి. ఇక్కడ బడి ఎవరితో ఆడాలో రెవెన్యూ పటం తేలుస్తుంది.

పటం దూరాన్ని లెక్కపెడుతుంది కానీ బడి పరిమాణాన్ని లెక్కపెట్టదు. ఇదే అసలు సమస్య. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో కలిపి 90 మంది ఉన్న ఒక బడిని తీసుకుందాం. అందులో సగం మంది ఆడపిల్లలు. పన్నెండు మందితో 17 ఏళ్ల లోపు కబడ్డీ జట్టు కట్టాలంటే నలుగురిలో ఒకరిని తీసుకోవాలి. ఎంపిక అనే మాటకే అక్కడ అర్థం లేదు, వచ్చినవాళ్లే జట్టు. అదే తరగతుల్లో ఆరు వందల మంది ఉన్న బడి పాతికమందిలో ఒకరిని ఏరుకుంటుంది. మండల మైదానంలో ఈ రెండూ మొదటి రౌండులోనే తలపడతాయి. పోటీ నాకౌట్ పద్ధతిలో జరుగుతుంది కాబట్టి చిన్న బడి ఏడాది ఆట అక్కడితో సరి. సిటీ బస్సెక్కి, జెర్సీలు అప్పు తెచ్చుకుని, పొద్దున్నే వచ్చిన పిల్లలు మధ్యాహ్నం భోజనానికి ముందే తిరుగుముఖం పడతారు. మరుసటి ఏడు ఆ బడి ఎంట్రీ ఫారమే పంపదు.

ఇండియానా పాఠం

అమెరికాలో ఇండియానా రాష్ట్రం బాస్కెట్‌బాల్‌కు పుట్టిల్లులాంటిది. అక్కడ చాలాకాలం పెద్దా చిన్నా తేడా లేకుండా బడులన్నీ ఒకే టైటిల్ కోసం ఆడేవి. మన ఎస్‌జీఎఫ్ పుట్టిన 1954లోనే, 161 మంది విద్యార్థులున్న మిలన్ అనే పల్లెటూరి హైస్కూలు రాష్ట్ర ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని 32-30 స్కోరుతో ఓడించింది. చివరి క్షణంలో బాబీ ప్లంప్ వేసిన బుట్టను ఇప్పటికీ అక్కడ కథలుగా చెప్పుకుంటారు. దాని మీద సినిమా కూడా వచ్చింది.

చిన్న బడి పెద్ద బడిని ఓడించగలదనడానికి అందరూ మిలన్‌నే చూపిస్తారు. అయితే ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో అంత చిన్న బడి మరొకటి ఆ కప్పు ఎత్తలేదు. చివరికి 1997-98 నుంచి ఇండియానా బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు వర్గాలుగా విడగొట్టింది. పాత పద్ధతి అభిమానులు చాలా బాధపడ్డారు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్క అద్భుతాన్ని తలచుకుంటూ వందల బడులను మొదటి రౌండులో ఓడించడం కంటే, తమలాంటి వాళ్లతో తలపడి గెలుపోటములు రెండూ చూసే అవకాశం ఇవ్వడమే న్యాయమని ఆ రాష్ట్రం తేల్చుకుంది.

సర్వేల్ నుంచి నవోదయ దాకా

తెలుగు నేల కూడా తెలియకుండానే ఇలాంటి దారి ఒకటి వేసింది. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ప్రతిభ ఉన్న పల్లె పిల్లలను ఒకచోట చేర్చి ఉచితంగా చదివించాలన్నది ఆలోచన. తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు ఆ వెంటే వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతటా జిల్లాకొకటి చొప్పున నవోదయ విద్యాలయాలు తెరవడం మొదలైంది. అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కూడా పీవీయే.

నవోదయ పెద్ద బడి కాదు. ఆరో తరగతిలో ఏటా 80 మంది దాకా తీసుకుంటుంది, పన్నెండో తరగతి దాకా కలిపినా అయిదారు వందలు దాటదు. దేశంలో ఏ నవోదయకు వెళ్లినా ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌసులే ఉంటాయి. పొద్దున పీటీ, సాయంత్రం ఆటలు టైంటేబుల్లో భాగం. ఈ బడులు ముందు తమలో తాము ఆడతాయి. దగ్గరి నవోదయలన్నీ కలిసి ఒక క్లస్టర్. క్లస్టర్లో నెగ్గినవాళ్లు రీజియన్‌కు వెళ్తారు. హైదరాబాద్ రీజియన్ కింద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల బడులున్నాయి. అంటే నిజాంసాగర్ నవోదయ పిల్లవాడు లక్షద్వీప్ పిల్లవాడితో పరిగెత్తే వీలుంది. అక్కడా గెలిస్తే నవోదయల జాతీయ మీట్, అది దాటితే సమితి తరఫున ఎస్‌జీఎఫ్ జాతీయ పోటీలు.

ఈ కూటమి గొప్పతనమల్లా సభ్యులు సరిజోడు కావడమే. ప్రతి బడిలో పిల్లల సంఖ్య ఇంచుమించు ఒకటే, పీఈటీ ఉంటాడు, మైదానం ఉంటుంది, తిండీ నిద్రా ఒకటే తీరు. ఓడిపోతే కారణం వేగమో మెలకువో అవుతుంది, బడి చిన్నది కావడం కాదు. కేంద్రీయ విద్యాలయాల రీజనల్ మీట్లు, సీబీఎస్‌ఈ క్లస్టర్ పోటీలు, రాష్ట్ర గురుకుల సొసైటీల జోనల్ మీట్లు ఇదే పద్ధతిలో నడుస్తాయి.

వీటి ఫలితం అంతర్జాతీయ వేదికల మీద కనబడింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు విభాగాల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ఆ గురుకులాల బిడ్డే. వీళ్లు ఆ స్థాయికి వెళ్లడానికి ఎందరో కోచ్‌ల చేయి ఉంది. అయితే తొలి అడుగు వేయడానికి ఒక మీట్, ఒక జట్టు, తమలాంటి పిల్లలతో పోటీ ముందే సిద్ధంగా ఉన్నాయి.

కల్లెడ చూపిన దారి

ఏ ప్రభుత్వ సొసైటీ నీడా లేకుండా ఒక పల్లె బడి ఏం చేయగలదో వరంగల్ జిల్లా కల్లెడ చూపించింది. 1996లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ అక్కడ బడి నడుపుతోంది. ఆ బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆర్చరీలో పాల్గొంది. అదే కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిలోని వేగాన్ని బడి వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తుపట్టాడు. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్ తెచ్చి తీర్చిదిద్దారు. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ఆమె 2024 మేలో కోబేలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

విశాఖపట్నం పోర్ట్ హైస్కూల్లో చదివిన యర్రాజి జ్యోతి కథ కూడా ఇంతే. పొడగరి పిల్ల హర్డిల్స్‌కు పనికొస్తుందని ముందుగా పసిగట్టింది బడి పీఈటీయే. 2024 పారిస్‌లో ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారతీయురాలిగా ఆమె నిలిచింది.

పీఈటీ అనే మనిషి లేకపోతే ఈ రెండు కథలూ మొదలే కావు. చట్టం చిన్న బడి చేయి వదిలేసింది సరిగ్గా ఈ విషయంలోనే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంటుంది. వ్యాయామ విద్య బోధకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటిన బడికే, అదీ పార్ట్ టైమ్‌గానే, తప్పనిసరి చేసింది. తొంభై మంది పిల్లలున్న బడికి డ్రిల్లు మాస్టారు అక్కర్లేదని చట్టమే చెప్పినట్టయింది.

బాలానగర్ లెక్క

బాలానగర్ పరిశ్రమల ఊరు. 1960లలో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం వచ్చాయి. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. వాటికి విడిభాగాలు చేసిపెట్టే వందల చిన్న యూనిట్లు చుట్టూ పుట్టాయి. వాటి వెనకే బతుకుతెరువు వెతుక్కుంటూ జిల్లాల నుంచి, ఒడిశా, బిహార్ నుంచి కార్మికులు వచ్చారు. ఆ పిల్లల కోసం వెలిసినవే ఇక్కడి చిన్న బడులు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక పడమటి వైపు ఐటీ కారిడార్ ఎదిగింది, ఈ చుట్టుపక్కల గజం ధర ఆకాశాన్నంటింది. ఖాళీ జాగా అపార్ట్‌మెంటుగా, గోదాముగా మారిపోయింది.

అయినా ఆటకు కావలసిన చోటు మనం అనుకున్నంత పెద్దది కాదు. ఫుట్‌బాల్‌కు ఎకరంన్నర కావాలి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు 155 గజాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9 మీటర్లు, అది 194 గజాలు. ఖోఖోకు 27 మీటర్లకు 16 మీటర్లు, సుమారు 520 గజాలు. చుట్టూ వదలాల్సిన జాగా కలిపితే ఇంతకన్నా ఎక్కువే కావాలి, అయినా ఫుట్‌బాల్ మైదానం ముందు అది చిన్నదే. చిన్న బడుల ఆటలంటే ఇవే. ఒక్కో బడికీ ఇంత చోటు లేకపోవచ్చు. పది బడులకు కలిపి ఒక్క చోటు బాలానగర్‌లో దొరకదంటే నమ్మలేం. కంపెనీల ఆవరణలున్నాయి, నగరపాలక సంస్థ పార్కులున్నాయి, పెద్ద బడుల మైదానాలు రెండో శనివారం ఖాళీగానే ఉంటాయి.

ఇంకో మలుపు పదో తరగతి తర్వాత వస్తుంది. మన రాష్ట్ర సిలబస్‌లో ఇంటర్మీడియట్ బడిలో భాగం కాదు, వేరే కాలేజీ. అందువల్ల 19 ఏళ్ల లోపు పోటీలు జూనియర్ కాలేజీల చేతిలోకి వెళ్తాయి. ఎప్‌సెట్, జేఈఈ కోసం పొద్దున్నుంచి రాత్రి దాకా గదుల్లో కూర్చోబెట్టే కాలేజీలో మైదానం మాటే ఉండదు. పదిహేనేళ్లకు ఆట ఆగిపోతే, అంతకు ముందు మూడు నాలుగేళ్లలో పిల్లవాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నదే మిగిలే లెక్క. బాలానగర్ చిన్న బడి పిల్లవాడి విషయంలో ఆ లెక్క ఒకటి రెండు మ్యాచ్‌లతో ముగిసిపోతోంది.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మూడు వందల మంది లోపు పిల్లలున్న ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటినీ కలిపి మండలంలో ఒక చిన్న బడుల లీగ్ పెట్టాలి. నాకౌట్ వద్దు, ప్రతి జట్టు ప్రతి జట్టుతో ఆడాలి, అప్పుడే ప్రతి పిల్లవాడికీ కనీసం అయిదారు మ్యాచ్‌లు దక్కుతాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు చాలు. ఆడపిల్లలకు సమానంగా జట్లుండాలి. మూడు నాలుగు బడులు కలిసి ఒక పీఈటీని పెట్టుకోవచ్చు. సొంత మైదానమున్న సంస్థలు నెలకు ఒక శనివారం గేటు తెరవాలి. ఇక్కడ మెరిసినవాళ్లను మామూలు పద్ధతిలోనే మండల, జిల్లా సెలెక్షన్లకు పంపాలి. ఎస్‌జీఎఫ్ నిచ్చెనను తీసేయనక్కర్లేదు, దాని కింద ఇంకో మెట్టు కడితే చాలు.

ఈ విద్యా సంవత్సరంలోనే బాలానగర్ మండల విద్యాధికారి చిన్న బడుల ప్రధానోపాధ్యాయులను ఒకసారి కూర్చోబెట్టి జాబితా తయారుచేయించాలి. హెచ్‌ఏఎల్ నుంచి హైటెక్ సిటీ దాకా ఉన్న సంస్థలు తమ సామాజిక బాధ్యత నిధుల్లో కాస్త ఈ బంతులకు, బస్సులకు కేటాయించాలి. తల్లిదండ్రులు బడిలో చేర్పించేటప్పుడు ర్యాంకుల గురించి అడుగుతారు. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగండి: మా పిల్ల ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడుతుంది?